రైట్ ఫ్లయర్ (1903) 1/8 మోడల్: ముక్కు లేస్తుంది, వెంటనే మునుగుతుంది. లోపం నా కట్టుబడిలోనా, అసలు విమానంలోనా?

సన్నబద్ద (ప్రశ్న)

రైట్ సోదరుల మొదటి ఇంజను విమానం 1903 ఫ్లయర్‌కి ఎనిమిదో వంతు సైజులో రేడియో కంట్రోల్ మోడల్. కొలతలు ఇవి: రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 154 సెం.మీ., రెక్క వెడల్పు 24.8 సెం.మీ., మొత్తం బరువు 900 గ్రా. అందులో బ్యాటరీ 100 గ్రా.; అది కింది రెక్క మీద పైలట్ బొమ్మ పక్కన, సరిగ్గా సీజీ (మొత్తం బరువు తూగే కేంద్రం) దగ్గరే ఉంది. రెండు బ్రష్‌లెస్ మోటార్లు, ఎదురెదురు దిశల్లో తిరిగే 12 అంగుళాల స్లోఫ్లై ప్రొపెల్లర్లు. రెండూ కలిసి 400 గ్రా. థ్రస్ట్ (ముందుకి తోసే బలం) ఇస్తున్నాయి. సీజీ అసలు విమానంలో ఉన్నట్టే ముందంచు నుంచి 30 శాతం దగ్గర పెట్టాను, అంటే 7.4 సెం.మీ.

చేత్తో వదిలితే మీటరు ఎత్తు లేస్తుంది. ముక్కు ఇంకా పైకి పోతుంది. స్టిక్ ముందుకి తోస్తే ఒక్కసారిగా కిందికి గుచ్చుకుంటుంది. వెనక్కి లాగితే మళ్లీ గాల్లోకి. మూడో ఊపుకి నేల. ప్రతిసారీ విరిగేది ముందున్న ఎలివేటరే (ముక్కుని లేపే, దించే పలకలు). సర్వో (పలకల్ని తిప్పే చిన్న మోటారు) స్పీడు మార్చాను, ఎలివేటర్ తిరిగే కోణం సగానికి తగ్గించాను, తేడా లేదు.

1. సీజీ లెక్క తప్పా?
2. డ్రాయింగ్‌లో కుడి రెక్క ఎడమదాని కంటే పొడుగు. మోడల్‌లో కూడా అలాగే ఉంచాలా?
3. రెక్కలకి ఏ గుడ్డ? ఇప్పుడు ఫిల్మ్ వేశాను, పక్కకి ఒరగడానికి రెక్క మెలితిప్పబోతే ముడతలు పడి ఊడొస్తోంది.
4. పట్టా (విమానం పరుగు తీసి లేచే కర్ర దారి) మీద నుంచి లేపాలంటే ఎంత పొడవు కావాలి?

ఎగిరే చోటు హైదరాబాద్, మధ్యాహ్నం పూట.

నిలకడ

మీ మోడల్ అసలు విమానం ఎలా ప్రవర్తించిందో అలాగే ప్రవర్తిస్తోంది. అదే దాని జబ్బు. 1903 డిసెంబర్ 17 పొద్దున 10:35కి ఆర్విల్ రైట్ చేసిన మొదటి ప్రయాణం 12 సెకన్లు, 120 అడుగులు. ఆ 12 సెకన్లూ అది ఎగుడుదిగుడుగానే పోయింది, ఆఖరికి ముక్కు దిగి ఆగింది. 59 సెకన్లు, 852 అడుగులు పోయిన నాలుగోది కూడా మధ్యలో కాసేపు కుదుటపడిందే గానీ, చివర్లో మళ్లీ ఊగి నేలకి తగిలింది. అందులోనూ మొదట విరిగింది ముందు ఎలివేటర్ చట్రమే.

కారణం ఇది. ఏ విమానానికైనా న్యూట్రల్ పాయింట్ అని ఒక చోటు ఉంటుంది. సీజీ దానికంటే ముందుంటే, గాలి విసురుకి లేచిన ముక్కు తనంతట తనే దిగుతుంది. వెనకుంటే లేచిన ముక్కు ఇంకా లేస్తుంది. ఫ్లయర్‌లో ఎలివేటర్ ముందుండటం వల్ల న్యూట్రల్ పాయింట్ బాగా ముందుకి జరిగిపోయింది. రెక్క ముందంచు నుంచి సుమారు 10 శాతం దగ్గర ఉంటుంది. సీజీ 30 శాతం. అంటే 20 శాతం తప్పు వైపు. 1999లో నాసా ఏమ్స్ కేంద్రంలోని 40×80 అడుగుల గాలి సొరంగంలో పూర్తి సైజు నకలు పెట్టి పరీక్షించినప్పుడు కూడా ఈ అస్థిరతే బయటపడింది.

దీనికి తోడు ఇంకోటి. ఎలివేటర్ పలకలు తిరిగే ఇరుసు వాటి నడుముకి మరీ దగ్గరగా ఉందని, అందువల్ల కొంచెం తిప్పగానే అది దానంతట అదే ఇంకా తిరిగిపోయేదని ఆర్విల్ ఆ రోజు డైరీలోనే రాసుకున్నాడు. వంపున్న పలక మీద గాలి ఒత్తిడి ఒకచోట నిలవదు, కోణం మారినకొద్దీ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఇరుసు నడుమ ఉంటే ఆ ఒత్తిడి ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగుతుంది. మీ మోడల్‌లో ఇరుసు ఎక్కడుందో చూడండి. ఎలివేటర్ వెడల్పులో 25 శాతం దగ్గరికి తెచ్చి, లింకేజీలో లూజు అస్సలు లేకుండా చేయండి. ప్లాస్టిక్ గేర్ సర్వో అయితే తీసేసి మెటల్ గేర్‌ది వేయండి.

సీజీ సంగతికొస్తే, 5 శాతానికి, అంటే ముందంచు నుంచి 1.2 సెం.మీ.కి లాగండి. బ్యాటరీని ఎలివేటర్ చట్రం దగ్గరికి, ముందంచుకి 25 సెం.మీ. ముందుకి తీసుకెళ్తే సీజీ 7.4 నుంచి 3.8కి వస్తుంది. మిగతాదానికి ఎలివేటర్ కింద స్కిడ్ల (కింది జారుడు కర్రల) కొసన సుమారు 80 గ్రా. సీసం కట్టాలి. బరువు ఎక్కువని బెంగ పడక్కర్లేదు, రైట్ సోదరులూ కట్టారు. 1904లో మొదట బరువు వెనక్కి జరిపి చూశారు, ఊపు ఇంకా పెరిగింది. అప్పుడు ముందు 70 పౌన్ల ఇనుము కట్టారు. దాన్ని మీ స్కేలుకి దించితే 62 గ్రా.

లెక్కలపిచ్చి

నిలకడ గారు చెప్పిన జబ్బు సరే. కానీ సర్వో స్పీడు మార్చినా ఎందుకు లాభం లేకపోయిందో ఎవరూ అనలేదు.

సైజు తగ్గితే టైము కూడా తగ్గుతుంది. ఎనిమిదో వంతు మోడల్‌లో అన్ని కదలికలూ ఎనిమిది వర్గమూలం రెట్లు, అంటే 2.83 రెట్లు త్వరగా జరుగుతాయి. అసలు విమానంలో ముక్కు తప్పిన కోణం రెట్టింపు కావడానికి సుమారు అర సెకను పట్టేది. పొట్ట మీద పడుకుని, ఎడమ చేత్తో ఎలివేటర్ లీవరు పట్టుకున్న మనిషి అర సెకనులో చూసి సర్దుకోవడం కష్టమే గానీ అసాధ్యం కాదు, అదీ అంతకుముందు ఏడాది 1902 గ్లైడర్ మీద వెయ్యికి దగ్గరగా గ్లైడులు చేసిన చేతులకి. మీ మోడల్‌లో అదే పని 0.18 సెకనులో జరిగిపోతుంది. కంటికి కనబడి, వేలు కదిలేలోపే 0.2 సెకను దాటిపోతుంది. మీరు దించమన్నది లేచే ముక్కుని, ఆ ఆజ్ఞ అందేటప్పటికి అది వేరేచోట ఉంటుంది. ఊపుని ఆపుతున్నాననుకుని మీరే ఊపుతున్నారు. సర్వో స్పీడు, కోణం ఎంత మార్చినా ఇది పోదు.

పరిష్కారం: పిచ్‌కి (ముక్కు లేచి దిగే కదలికకి) గైరో, అంటే ఆ కదలికని పసిగట్టి సర్వోని తనే తిప్పే పరికరం. రేట్ మోడ్‌లో (తిరిగే వేగాన్ని మాత్రమే అడ్డుకునేది) పెట్టండి, లెవెల్ మోడ్ వద్దు (లెవెల్ మోడ్ ముక్కుని తను అనుకున్న మట్టానికి పట్టుకుంటుంది, ఈ రెక్కకి కావాల్సిన కోణం అది కాదు). గెయిన్ (గైరో దిద్దే బలం) తక్కువతో మొదలుపెట్టి, చేత్తో మోడల్‌ని ముందుకీ వెనక్కీ వంచుతూ ఎలివేటర్ సరైన దిక్కుకి తిరుగుతోందో లేదో నేల మీదే చూసుకోవాలి. ముందు ఎలివేటర్ కాబట్టి దిశ తోక ఎలివేటర్‌కి తిరకాసుగా ఉంటుంది: ముక్కు లేపితే ఎలివేటర్ ముందంచు కిందికి దిగాలి. దీన్ని తిప్పి పెట్టి ఎగరేస్తే అరసెకనులో ముక్కలు ఏరుకోవాలి.

మెలిరెక్క

నిలకడ గారూ, 5 శాతం మరీ ముందు. గైరో ఉన్నా లేకపోయినా ఇంకో గొయ్యి ఉంది.

వంపున్న రెక్క ముక్కుని కిందికి తోస్తుంది. 20లో ఒకటో వంతు వంపున్న ఈ రెక్క మీద లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) పనిచేసే చోటు, మామూలుగా ఎగిరే కోణంలో, ముందంచు నుంచి మూడో వంతు దాటి ఉంటుంది. 37 శాతం అనుకోండి. సీజీ 5 శాతం దగ్గర ఉంటే ఆ దూరం 8 సెం.మీ. దాన్ని ముందు ఎలివేటర్ ఒక్కటే ఎత్తి పట్టుకోవాలి. సీజీ నుంచి ఎలివేటర్‌కి దూరం 30 సెం.మీ. లెక్కవేస్తే మొత్తం బరువులో ఐదో వంతు ఎలివేటర్ మీద పడుతుంది. దాని వైశాల్యమో? అసలు విమానంలో రెక్కలు 510 చదరపు అడుగులు, ఎలివేటర్ 48. అంటే మొత్తం నేత వైశాల్యంలో సుమారు పన్నెండో వంతు ఉన్నది ఐదో వంతు బరువు మోయాలి. రెక్కల లిఫ్ట్ గుణకం (అంతే వైశాల్యం ఎంత ఎత్తుతుందో చెప్పే అంకె) అర చుట్టూ ఉంటే ఎలివేటర్‌ది 1.2 పైనే కావాలి. సన్నటి పలక అంత ఇవ్వదు, ఇచ్చేలోపే స్టాల్ అవుతుంది, అంటే గాలి పలకని విడిచిపెట్టి లిఫ్ట్ పడిపోతుంది. ఎలివేటర్ స్టాల్ అయితే ముక్కు రాయిలా పడుతుంది, ఎంత లాగినా లేవదు. రైట్ సోదరులు 1905 విమానానికి ఎలివేటర్‌ని పెద్దది చేసి, రెక్కల నుంచి దాని దూరాన్ని 7 అడుగుల నుంచి దాదాపు 12 అడుగులకి జరిపింది ఊరికే కాదు.

నా మాట: సీజీ 15 శాతం దగ్గర, 3.7 సెం.మీ. గమనించారా, బ్యాటరీ ఒక్కటి ముందుకి జరిపితే వచ్చేది 3.8. సీసం ఒక్క గ్రాము అక్కర్లేదు. 15 శాతం దగ్గర ఇంకా కొద్దిగా అస్థిరమే, కానీ ఇప్పుడున్న తేడాలో నాలుగో వంతు. దాన్ని గైరో చూసుకుంటుంది. రెక్కల నడిమి భాగంలో వెనకంచుని 3 మి.మీ. పైకి వంచండి. ముక్కుని దించే తోపు తగ్గి, ఎలివేటర్ మీద భారం ఇంకొంచెం తేలికవుతుంది. పక్క నుంచి చూసినా కనబడదు.

రెక్క మెలి గురించి. మొత్తం రెక్క మెలితిరగదు. నడిమి భాగాన్ని తీగెలతో బిగించి కట్టేశారు, ఎందుకంటే ఇంజనూ ప్రొపెల్లర్ ఇరుసులూ అక్కడున్నాయి. ముందంచు కూడా ఈ కొస నుంచి ఆ కొసకి బిగువే. మెలితిరిగేది బయటి గదుల వెనకంచు మాత్రమే. కాబట్టి ముందు నిట్టాడులకి (రెండు రెక్కల మధ్య నిలువు కర్రలకి) గట్టి బిగింపు, బయటి వెనక నిట్టాడుల రెండు కొసలకీ కొక్కెం-కన్ను లాంటి వదులు కీలు. అన్నీ జిగురుతో అంటిస్తే సర్వో బిగుసుకుపోయి వేడెక్కుతుంది.

మెలికి రడ్డర్‌ని (ముక్కుని పక్కకి తిప్పే తోక పలకని) కలపడం మర్చిపోవద్దు. అసలు విమానంలో పైలట్ నడుము కింద ఉన్న ఊయల పక్కకి జరిపితే రెక్కలు మెలితిరిగేవి, అదే తీగెతో రడ్డర్ కూడా తిరిగేది. కారణం: వెనకంచు కిందికి దిగిన రెక్క లేస్తుంది గానీ, గాలిని ఎక్కువ అడ్డుకుంటుంది కూడా. ముక్కు తప్పు వైపు తిరుగుతుంది. 1902లో తోకని కదలకుండా బిగించినప్పుడు దిగిన రెక్క వెనకపడి ఇసుకలో గిర్రున గుండ్రంగా పొడుచుకునేది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'బావి తవ్వడం'. తోకని కదిలేలా చేసి మెలికి జోడించాకే అది ఆగింది. మీరు ట్రాన్స్‌మిటర్‌లో మెలి నుంచి రడ్డర్‌కి మిక్స్ పెట్టండి, ముందు 50 శాతంతో.

రెక్కల కొసలు డ్రాయింగ్‌లో 10 అంగుళాలు కిందికి వాలి ఉంటాయి, మీకు 3.2 సెం.మీ. పక్క గాలికి ఒక రెక్క లేవకుండా చేసిన ఏర్పాటు అది. మోడల్‌లో అలా ఉంచితే ఒకసారి ఒరిగిందంటే ఒరుగుతూనే పోతుంది. షోకేసుకైతే ఉంచండి, ఎగరడానికి చదును చేయండి. వాళ్లు కూడా తర్వాత తీసేశారు.

నిలకడ

ఎలివేటర్ భారం నేను లెక్కలోకి తీసుకోలేదు. మెలిరెక్క గారి 15 శాతమే సరి. గైరో లేకుండా ఎగరేయాలనుకునేవాళ్లకి మాత్రం 5 శాతం, దాంతోపాటు రెట్టింపు వైశాల్యం ఉన్న ఎలివేటర్ ఇంకా ముందుకి. అప్పుడది 1903 ఫ్లయర్ కాదు, 1905ది అవుతుంది.

చైనుపళ్లు

రెండో ప్రశ్న: కుడి రెక్క 4 అంగుళాలు పొడుగు. పైలట్ మధ్యగీతకి ఎడమన పడుకునేవాడు, ఇంజను కుడిన ఉండేది. ఇంజను మనిషి కంటే బరువు. ఆ తేడా మోయడానికి కుడివైపు కొంచెం ఎక్కువ రెక్క. మీ స్కేల్లో అది 1.27 సెం.మీ. మీకు ఇంజనూ లేదు, మనిషీ లేడు కాబట్టి అవసరం లేదు. చూపు కోసం ఉంచుకుంటే ఎడమ కొసన రూపాయి బిళ్ల అంటించి, మధ్యలో రెండు వేళ్ల మీద పెట్టి సరిచూసుకోండి.

రెండు మోటార్లు పెట్టి మంచి పని చేశారు. అసలు దాంట్లో ఒకటే ఇంజను, రెండు సైకిల్ తరహా చైన్లు. ఇంజను పక్క 8 పళ్లు, ప్రొపెల్లర్ పక్క 23 పళ్లు. ఇంజను వెయ్యి చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ 350. ఎడమ చైనుని ఎనిమిది అంకెలా అడ్డంగా తిప్పారు, రెండు ప్రొపెల్లర్లూ ఎదురు దిశల్లో తిరగాలని. ఊగి కొట్టుకోకుండా చైన్లని ఉక్కు గొట్టాల్లోంచి పోనిచ్చారు. ఎనిమిదో వంతులో ఈ పని చేస్తే రాపిడికే సగం కరెంటు పోతుంది.

అసలు ఇంజను గురించి తెలిస్తే, పాపం ఆ చైన్లు ఎంత కష్టపడ్డాయో అర్థమవుతుంది. వాళ్ల మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో చేసిన నాలుగు సిలిండర్ల ఇంజను. సిలిండర్ లోపలి వ్యాసం 4 అంగుళాలు, పిస్టన్ నడక కూడా 4. క్రాంక్‌కేస్ అల్యూమినియం, అందులో 8 శాతం రాగి. కార్బురేటర్ లేదు. పైన నిట్టాడుకి కట్టిన చిన్న ట్యాంకు నుంచి పెట్రోలు బొట్టుబొట్టుగా దిగి, ఇంజను వేడికే ఆవిరై గాలితో కలిసేది. స్పార్క్ ప్లగ్గులు లేవు, సిలిండర్ లోపల రెండు ముక్కలు తాకి విడిపోయినప్పుడు నిప్పు రవ్వ. నీళ్లకి పంపు లేదు. ఎగిరేటప్పుడు వేగం పెంచే తగ్గించే లీవరూ లేదు, ఆర్పేయడం ఒక్కటే చేతిలో ఉంది. మొదటి కొన్ని సెకన్లు 16 గుర్రాల బలం (హార్స్‌పవర్), వేడెక్కి లోపలికొచ్చే గాలి పలచబడ్డాక 12.

నాలుగు సిలిండర్లు అంత మొరటుగా కొడుతుంటే ప్రొపెల్లర్ ఇరుసులు తట్టుకోలేదు. నవంబర్‌లో గొట్టపు ఇరుసులు దెబ్బతిన్నాయి, బాగుచేసి తెస్తే 28న మళ్లీ పగులు. ఆర్విల్ సొంతూరు డేటన్ వెళ్లి, గొట్టం కాకుండా నిండు స్ప్రింగ్ స్టీలుతో చేయించుకుని డిసెంబర్ 11న వచ్చాడు. స్ప్రాకెట్లు పదే పదే లూజవుతుంటే నట్టు ఎంత బిగించినా ఆగలేదు. చివరికి సైకిల్ టైరుని రిమ్ముకి అంటించే సిమెంటు కరిగించి మరల్లో పోసి బిగించారు, అదే పట్టింది. మీ ప్రొపెల్లర్ అడాప్టర్ల మరలకి కూడా లాక్ లిక్విడ్ ఒక చుక్క వేయండి; ఎదురు దిశలో తిరిగే మోటారు మీద మామూలు మర దానంతట అదే విప్పుకుంటుంది.

ప్రొపెల్లర్ సైజు తగ్గించొద్దు. అసలువి 8.5 అడుగులు, మీ స్కేల్లో 12.75 అంగుళాలు. పెద్దది నెమ్మదిగా తిప్పాలి. 12 అంగుళాలది నిమిషానికి 3000 చుట్ల దగ్గర తిరిగితే మీకు కావాల్సిన థ్రస్ట్ వస్తుంది. కాబట్టి తక్కువ కేవీ (ఒక్కో వోల్టుకి తిరిగే చుట్లు) ఉన్న మోటార్లు. 6 అంగుళాలవి గిర్రున తిప్పితే అంతే థ్రస్ట్ వస్తుంది గానీ బ్యాటరీ సగం టైముకే అయిపోతుంది.

గాలిపట్టా

నాకు తెలిసి 1903లో కాటాపుల్ట్ వాడారు కదా, బరువు పడేసి లాగేది? అదే పెట్టుకుంటే పట్టా పొడవు బాధ ఉండదు.

చైనుపళ్లు

లేదండి, అది 1904 సెప్టెంబర్‌లో, డేటన్ దగ్గర హఫ్మన్ ప్రెయిరీలో వచ్చింది. అక్కడ 1903లో ఎగిరిన కిటీ హాక్ తీరంలో ఉన్నంత గాలి లేదు, అందుకే దింపుడు బరువు అవసరమైంది. 1903 డిసెంబర్ 17న పట్టా, ఎదురుగాలి, అంతే. డిసెంబర్ 14న ఆర్విల్ అన్న విల్బర్ ప్రయత్నించింది కిల్ డెవిల్ దిబ్బ వాలు మీద నుంచి. ముక్కు ఎక్కువ లేపి స్టాల్ చేశాడు, 3.5 సెకన్లు. 17న మాత్రం చదును నేల మీదే. విల్బర్ రెక్క కొస పట్టుకుని పక్కన పరిగెత్తింది ఒరగకుండా ఉండటానికే, తోయడానికి కాదు.

సన్నబద్ద

బ్యాటరీ ముందుకి పోయింది, సీజీ 3.8. ఎలివేటర్ ఇరుసు నిజంగానే నడుమ ఉంది, 25 శాతానికి మార్చాను. గైరో వచ్చాక పెడతాను. గుడ్డ, పట్టా గురించి ఎవరైనా?

మెలిరెక్క

గుడ్డ: ఫిల్మ్ వద్దు, అది సాగదు కాబట్టే ఊడుతోంది. వాళ్లు వాడింది ఆడవాళ్ల దుస్తులకి వాడే మస్లిన్, పూత ఏమీ వేయలేదు. అసలు తెలివి కత్తిరింపులో ఉంది. టైలర్లు క్రాస్ అంటారే, అలా 45 డిగ్రీల ఏటవాలుగా కోసి కుట్టారు. అప్పుడు ప్రతి దారం రెక్క చట్రానికి మూలతీగెలా పనిచేస్తుంది, లోపల వేరే అడ్డబద్దలు అక్కర్లేదు. పొడవుగా కోస్తే చట్రం పక్కకి జారిపోతుంది. గుడ్డని బద్దలకి అంటించలేదు కూడా, దూలాలకి గుడ్డలోనే సంచుల్లా కుట్టి తొడిగారు. మెలితిప్పినప్పుడు గుడ్డ జారడానికి వీలుంటుంది.

మీకు రెండు రెక్కలకీ పైనా కిందా కలిపి ఒకటిన్నర చదరపు మీటర్లు కావాలి. చదరపు మీటరుకి 50 గ్రా. తూగే పాలిస్టర్ లైనింగ్ అయితే 75 గ్రా., 80 గ్రా. తూగే కాటన్ అయితే 120. లైనింగే నయం. అంచులకి, కొస పక్కటెముకలకి మాత్రమే జిగురు, మధ్య పక్కటెముకలకి దారపు కుట్లు. డోప్ (గుడ్డని బిగించే పూత) పూయొద్దు. పూస్తే గుడ్డ డప్పులా బిగుస్తుంది, మెలి చచ్చిపోతుంది.

ఇంకో మాట, చాలామంది ఈ సన్నటి రెక్కని చూసి మోడల్‌లో మందం పెంచుతారు. పెంచకండి. రైట్ సోదరులు 1901 శీతాకాలంలో రెక్కల ఆకారాలు పరీక్షించింది 16 అంగుళాల చదరపు నోరున్న 6 అడుగుల పెట్టెలో, గంటకి 27 మైళ్ల గాలిలో, అరచేతి సైజు రేకు ముక్కల మీద. అంత చిన్నవాటి మీద సన్నటి వంపు పలకే బాగా పనిచేస్తుంది, అందుకే వాళ్ల పూర్తి సైజు రెక్క కూడా అలా వచ్చింది. మీ మోడల్ ఆ పూర్తి సైజు విమానం కంటే ఆ రేకు ముక్కలకే దగ్గర. వాళ్ల రెక్క వాళ్లకంటే మీకే బాగా అతుకుతుంది.

లెక్కలపిచ్చి

పట్టా. వాళ్లది 60 అడుగులు, 15 అడుగుల కర్రలు నాలుగు, పైన రేకు పట్టీ. దాని మీద సైకిల్ హబ్బులతో నడిచే చిన్న బండి. విమానం 40 అడుగులకే లేచింది. మీ స్కేల్లో 60 అడుగులంటే 2.29 మీటర్లు. అది చాలుతుందా లేదా అన్నది గాలి చేతిలో ఉంది.

900 గ్రాములకి మీ మోడల్ లేచే వేగం, చల్లటి సముద్ర తీరంలో అయితే గంటకి 20.5 కి.మీ. కిటీ హాక్‌లో ఆ పొద్దున గుంటల్లో నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి, గాలి చిక్కగా ఉంది. మీరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన, 35 డిగ్రీల ఎండలో ఎగరేస్తున్నారు. గాలి సాంద్రత 17 శాతం తక్కువ. అంటే వేగం 10 శాతం ఎక్కువ కావాలి, 22.5. సెకనుకి 6.2 మీటర్లు. ప్రొపెల్లర్ థ్రస్ట్ కూడా అదే 17 శాతం పడిపోతుంది. ఆ 400 గ్రా. ఏ టైములో కొలిచారో చూసుకోండి.

గాలి లేకుండా 2.29 మీటర్లలో ఆ వేగం రావాలంటే థ్రస్ట్ బరువులో 85 శాతం ఉండాలి. మీది 44. లేవదు. 2003 డిసెంబర్ 17న, నూరేళ్ల పండగ రోజున, వర్జీనియాలో కట్టిన నకలుకి జరిగింది దాదాపు ఇదే. వాన, గాలి పడిపోయింది, ఇంజను పూర్తి బలం ఇవ్వలేదు. పట్టా దిగి నీటి గుంటలో కూర్చుంది. అదే విమానం అంతకు రెండు వారాల ముందు, డిసెంబర్ 3న, 115 అడుగులు ఎగిరింది.

ఇప్పుడు గంటకి 15 కి.మీ. ఎదురుగాలి ఉందనుకోండి. వాళ్లకి వీచిన 27 మైళ్ల గాలిని మీ స్కేలుకి దించితే సరిగ్గా అంతే. నేల మీద మీరు అందుకోవాల్సింది సెకనుకి 2 మీటర్లు మాత్రమే. పట్టాలో సగం కూడా అక్కర్లేదు. కాబట్టి 2.3 మీటర్ల పట్టా చేయండి, గాలి 12 కంటే తక్కువుంటే పెట్టె తెరవకండి. 20 దాటినా వద్దు: మీ మోడల్ లేచే వేగమే 22.5, ఒక విసురు వస్తే వెనక్కి పోతుంది. ఆ రోజు నాలుగో ప్రయాణం అయ్యాక నేల మీద ఊరికే నిలబెట్టిన అసలు విమానాన్ని గాలే పల్టీలు కొట్టించి విరగ్గొట్టింది. మీ దానికి కూడా దిగగానే రెక్క మీద చెయ్యి ఉండాలి.

మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే రండి, అదే మోడల్ కొంచెం తక్కువ వేగానికే లేస్తుంది.

చైనుపళ్లు

పట్టా మీద ఒక చిన్న చిట్కా. మోటార్లు పూర్తి స్పీడు అందుకునేదాకా మోడల్‌ని వెనక నుంచి ఆపి ఉంచాలి, చేత్తో పట్టుకుంటే వదిలేటప్పుడు తప్పకుండా వంకర తిరుగుతుంది. వాళ్లు విమానాన్ని పట్టాకి తీగెతో కట్టి, ఇంజను వేడెక్కాక పైలట్ చేత ఆ తీగె విడిపించేవాళ్లు. మీరు బండి వెనక ఒక కన్ను పెట్టి, దాంట్లో సైకిల్ స్పోకు ముక్క దూర్చి, ఆ స్పోకుని పక్కకి లాగేలా ఖాళీ ఛానల్ సర్వో ఒకటి కట్టండి. సర్వో పట్టా మీదే ఉండాలి, మోడల్ మీద కాదు, దాని బరువు ఊరికే మోయడం ఎందుకు. స్పోకు కొస అరగదీసి నున్నగా చేయండి, లేకపోతే 400 గ్రాముల లాగుడుకి కన్నులో ఇరుక్కుంటుంది.